చెప్పులు విడిచే చోట, పేర్లు చెక్కే చోట

హైదరాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా బీదర్ దాదాపు 140 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే చూడాల్సినవి చూసి చీకటి పడేసరికి ఇల్లు చేరొచ్చు. అందుకే సెలవు రోజుల్లో ఆ ఊరి వీధుల్లో తెలంగాణ నంబరు ప్లేట్లు, తెలుగు మాటలు విరివిగా ఎదురవుతాయి. మనవాళ్ల బీదర్ యాత్రలో మూడు మజిలీలు దాదాపు ఖాయం: ఝరణీ నరసింహస్వామి గుహ, గురునానక్ ఝీరా సాహిబ్ గురుద్వారా, బహమనీ సుల్తానుల కోట. ఒకదానికొకటి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, ఒకే కుటుంబం ఒకే రోజున ఈ మూడు చోట్లా మూడు రకాలుగా మసలుకుంటుంది. గురుద్వారా దగ్గర తలకు గుడ్డ చుట్టుకుని, కాళ్లు తడుపుకుని, గొంతు తగ్గించి లోపలికి వెళ్తుంది. తిన్న పళ్లేన్ని తానే తీసుకెళ్లి అప్పగిస్తుంది. గుహలో లోతు నీళ్ల మధ్య, పైకప్పుకు గబ్బిలాలు వేలాడుతున్నా, ముందున్నవారిని తోయకుండా వరసలో సాగుతుంది. మధ్యాహ్నం కోటకు చేరేసరికి ఆ జాగ్రత్త సడలిపోతుంది. ఖాళీ సీసా గోడ వారన మిగిలిపోతుంది. పిల్లలు బీటలు వారిన గోడలెక్కుతారు. ఎవరో ఒకరు తాళంచెవి మొనతో సున్నపు పూత మీద పేరు గీస్తారు. దేశంలోని పాత కట్టడాలన్నిటి మీదా కనిపించే ఆ గీతలు బీదర్‌నూ వదల్లేదు.

పర్యాటకుల బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఒక నిట్టూర్పుతో మొదలుపెడతాం: మన జనానికి పౌరస్పృహ లేదు, చదువుకున్నవాళ్లకే బుద్ధి లేదు, విదేశాల్లో అయితే ఇలా ఉండరు అని. బీదర్‌లో ఒక ఆదివారం ఈ వాదనను నిలవనివ్వదు. పౌరస్పృహ అనేది మనిషిలో ఉండడమో లేకపోవడమో అయితే, ఉదయం తొమ్మిది గంటలకు ఉన్నది మధ్యాహ్నం రెండింటికి ఎలా మాయమైంది? మనుషులు వాళ్లే, వాళ్ల చదువు, పెంపకం అవే. మారింది చోటు. ఆ చోటు వాళ్లను ఎలా ఆహ్వానించింది, ఏం అడిగింది, ఎవరిని ఎదురుగా నిలబెట్టింది అన్నదే మారింది. సందర్శకుడి బాధ్యతలో ఎక్కువ భాగాన్ని మలిచేది స్థలం చేసే ఏర్పాటే అన్నది ఈ వ్యాసం వాదన. ఆ ఏర్పాటులో నాలుగు ముఖ్యం: దాటాల్సిన ఒక గడప, పలకరించే ఒక మనిషి, చేతికి ఒక పని, మన ముందు వచ్చినవారు మంచిగా మసలుకున్నారన్న ఆనవాలు. ఈ నాలుగూ ఉన్న చోట ఉపన్యాసాలు అక్కర్లేదు. ఇవి లేని చోట బోర్డులు ఎన్ని పెట్టినా చదివేవాళ్లు తక్కువ.

ముందు గురుద్వారా సంగతి చూద్దాం. గురునానక్ తన దక్షిణ యాత్రలో బీదర్ వచ్చినప్పుడు ఇక్కడి జనం మంచినీటికి అల్లాడుతున్నారని, ఆయన పాదుకతో ఒక రాయిని కదిలించగానే తీయని ఊట ఉబికిందని సిక్కుల విశ్వాసం. ఝీరా అంటే ఆ ఊటే. ఖాల్సా తొలి పంచప్యారేలలో (అయిదుగురు ప్రియశిష్యుల్లో) ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ ఈ ఊరివాడే కావడంతో సిక్కులకు బీదర్ మరింత దగ్గరైంది. కానీ ఆ మెట్లెక్కేవారిలో సిక్కులు కానివాళ్లు కూడా ఎంతోమంది. వాళ్లకు ఆ మతం గురించి తెలిసింది తక్కువే కావచ్చు. అయినా నియమం తప్పరు. ఎందుకంటే ప్రవేశం దగ్గరే అది శరీరానికి తెలిసిపోతుంది. చెప్పులు అప్పగించాలి. తల కప్పుకోవాలి, గుడ్డ లేనివారికి అక్కడే దొరుకుతుంది. పాదాలు నీళ్లలో తడిపి అడుగు పెట్టాలి. లోపల లంగరులో, అంటే ఉచిత భోజనశాలలో, ధనిక పేద తేడా లేకుండా నేల మీద పంక్తిలో కూర్చోవాలి. వడ్డించేవారు జీతగాళ్లు కారు, సేవకు వచ్చినవారు. పక్కనే ఒకాయన ఎవరి చెప్పులో తుడుస్తుంటే, ఒకావిడ రొట్టెలు ఒత్తుతుంటే, మన ఎంగిలి పళ్లెం అక్కడే వదిలి లేచిపోవడానికి మనసొప్పదు. ఎవరూ గద్దించరు. నియమం పాటించడానికి కావలసినవన్నీ చేతికి అందుతాయి, పాటిస్తున్నవాళ్లు కళ్లెదుట ఉంటారు. బాధ్యతను సులువు చేసి, కనబడేలా చేయడం అంటే ఇదే.

ఝరణీ గుహలో గడప ప్రకృతే కట్టింది. స్వామి సన్నిధికి చేరాలంటే కొండలోకి తొలిచిన సొరంగంలో, నడుము దాటి ఛాతీ దాకా వచ్చే నీళ్లలో నడవాలి. నరసింహుడి చేతిలో హతుడైన అసురుడు నీరై స్వామి పాదాల దగ్గర పారుతున్నాడని స్థలపురాణం. ఆ నీటిలోకి సంచీలు, తినుబండారాలు తీసుకెళ్లడం కుదరదు. చెయ్యి ఖాళీ అయితే పారేయడానికీ ఏమీ మిగలదు. ఊరికి తూర్పున ఉన్న అష్టూరులో గడప మరో రకం. అక్కడ బహమనీ సుల్తానుల సమాధులు వరసగా ఉంటాయి. పిడుగుపాటుకు సగానికి సగం చీలిన హుమాయూన్ సమాధి ఒకటి, 1436లో మరణించిన అహ్మద్ షా వలీ సమాధి మరొకటి. అహ్మద్ షాను ముస్లింలు వలీగా కొలిస్తే, లింగాయతులు అల్లమ ప్రభువుగా భావిస్తారు. ఏటా జరిగే ఉత్సవానికి కలబురగి వైపు నుంచి జంగమస్వామి తన పరివారంతో నడిచి వస్తాడు. ఆ సమాధి లోపలి గోడలూ గుమ్మటమూ బంగారు, సింధూర వర్ణాల చిత్రలేపనంతో నిండి ఉంటాయి. చీకటి గదిలో అవి మామూలుగా కంటికి ఆనవు. కాపలాదారులు వాకిట్లో అద్దం పట్టి ఎండను లోపలికి మళ్లించి సందర్శకులకు ఒక్కో భాగమే చూపిస్తారు. ఆ వెలుగు గుమ్మటం మీద కదులుతున్నంతసేపు చూసేవాళ్ల నోట మాట రాదు. అలా చూసిన మనిషి అదే గోడ మీద పేరు గీయడానికి చెయ్యెత్తడం కష్టం. కాపలాదారు అక్కడ ఆతిథేయి అయ్యాడు. చూడవచ్చినవాడు అతిథి అయ్యాడు.

ఇప్పుడు కోట. గుల్బర్గా నుంచి రాజధానిని మార్చిన అహ్మద్ షా కాలంలో, 1432 నాటికి ఇది రూపుదిద్దుకుంది. ఎర్రటి లాటరైట్ రాతి గోడలు, బండను తొలిచి చేసిన మూడు వరసల కందకం, లోపల తఖ్త్ మహల్, గగన్ మహల్, పదహారు స్తంభాల మసీదు. రంగీన్ మహల్‌లో చెక్క స్తంభాల మీద చెక్కడం పని, నల్ల రాతిలో ముత్యపు చిప్పలు పొదిగిన పనితనం చూస్తే, నల్లని లోహంలో వెండి పొదిగే బిదరీ కళ ఈ ఊళ్లో ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. కోట బయట ఊళ్లో, 1472లో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ కట్టించిన మదరసా ముఖభాగం మీద నీలం, తెలుపు, ఆకుపచ్చ మెరుపు పెంకుల్లో కొన్ని ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. 2014లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ బీదర్ చారిత్రక నగరాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వాల వాచ్ జాబితాలో పెట్టింది. అదే ఏడాది దక్కన్ సుల్తానుల కట్టడాల్లో భాగంగా బీదర్ యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. ఇంతటి కోటకు కారు దాదాపు లోపలిదాకా వెళ్తుంది. దిగగానే ఎదురయ్యేది విశాలమైన ఖాళీ. పలకరించే మనిషి లేడు, వదిలి రావాల్సిందేమీ లేదు, చేయాల్సిందేమీ లేదు. ఎవరి చోటో తెలియని చోటును మనం ఎవరిదీ కాని చోటు అనుకుంటాం. ఫలితం ఏమిటంటే, రంగీన్ మహల్ లాంటి సున్నితమైన గదులు ఎక్కువగా తాళం కిందే ఉంటాయి. సిబ్బందిని అడిగి తెరిపించుకోవాలి. కొందరి చేతుల పుణ్యాన అందరి కళ్లకూ ఆ అందం దూరమవుతోంది.

ఈ పోలిక కేవలం ఊహ కాదనడానికి పరిశోధనలు బలమైన ఆధారమిస్తాయి. అమెరికాలోని అరిజోనాలో శిలాజ వృక్షాల జాతీయ వనం ఉంది. కోట్ల ఏళ్ల కిందట రాయిగా మారిన చెక్క ముక్కలను సందర్శకులు జేబులో వేసుకుని పోతుంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీనీ బృందం అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. ఎంతోమంది ఇలా ఎత్తుకెళ్లడం వల్ల వనం రూపు మారిపోతోందని చెప్పిన బోర్డు ఉన్న దారిలో, గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. దయచేసి తీయకండి అని సూటిగా అడిగిన బోర్డు ఉన్న దారిలో పోయినవి 1.67 శాతమే. అందరూ తీస్తున్నారన్న మాట హెచ్చరికలా వినిపించలేదు, అనుమతిలా వినిపించింది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో చేసి 2008లో ప్రచురించిన మరో ప్రయోగం ఇదే నిజాన్ని గోడ వైపు నుంచి చూపింది. సైకిళ్లు నిలిపే ఒక సందులో హ్యాండిళ్లకు కాగితాలు తగిలించారు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు ఆ కాగితాన్ని నేల మీద పారేసినవారు 33 శాతం; అదే గోడ మీద పిచ్చిరాతలు రాశాక 69 శాతం. గోడ మీది రాత మనకు ముందు వచ్చినవాడి సందేశం: ఇక్కడ ఇలా చేయొచ్చు అని. కాబట్టి కోటలో మొదటి గీతే అన్నిటికంటే ఖరీదైనది. ఇంటి గోడకైతే సున్నం వేసి మాపేయొచ్చు. అయిదారు వందల ఏళ్ల నాటి పూతను నిపుణులు తప్ప మరొకరు ముట్టుకోకూడదు. ఆ గీత పడకుండా చూడటమే ఉన్న ఒక్క మందు.

ఈ పరిశోధనల వెలుగులో పత్రికలవాళ్లం మమ్మల్ని మేము కూడా ప్రశ్నించుకోవాలి. సెలవుల మర్నాడు చెత్తకుప్పల ఫొటో వేసి, పర్యాటకులు పాడుచేసి వెళ్లారని రాయడం మాకు అలవాటు. ఉద్దేశం మంచిదే. కానీ పదేపదే అదే చూపిస్తే పాఠకుడికి చేరే కబురు వేరు: అందరూ ఇంతే, నేనొక్కణ్ని మానితే ఒరిగేదేముంది అని. వాస్తవానికి కోటకు వెళ్లినవారిలో ఎక్కువమంది గోడ మీద ఏమీ గీయరు, ఏదీ పగలగొట్టరు. ఆ నిశ్శబ్దమైన మెజారిటీ ఏ ఫొటోలోనూ కనిపించదు. హోటళ్లలో తువాళ్లను మళ్లీ వాడమని అడిగే చీటీల మీద 2008లో వెలువడిన అధ్యయనం ఈ మెజారిటీ బలాన్ని లెక్కగట్టింది. పర్యావరణాన్ని కాపాడండి అన్న మామూలు చీటీకి 37 శాతం అతిథులు స్పందిస్తే, ఇదే గదిలో బసచేసినవారిలో ఎక్కువమంది తువాలు మళ్లీ వాడారు అన్న చీటీకి 49 శాతం స్పందించారు. మనలాంటివాళ్లు, మనం నిలబడ్డ చోటే నిలబడి, మంచి పని చేశారని తెలిస్తే మనమూ చేస్తాం. బీదర్ కోట వాకిట్లో రాయాల్సింది నేరగాళ్ల లెక్క కాదు. పోయిన నెలలో ఇన్ని వేలమంది వచ్చి గోడ మీద ఒక్క గీత లేకుండా వెళ్లారు, మీరూ వారిలో ఒకరు కండి అన్న మాట. అయితే ఆ లెక్క నిజమైనదై ఉండాలి. నిజమయ్యేలా కాపలా కాయడం కూడా అందులో భాగమే.

దీనికి మొదటి అభ్యంతరం సహజంగా వచ్చేదే. గురుద్వారాలో, గుహలో పనిచేసేది దైవభక్తి, పాపభీతి. శిథిలమైన కోటకు దేవుడు లేడు కాబట్టి అక్కడ ఈ ఏర్పాట్లేవీ పనిచేయవు అంటారు. భక్తే సరిపోయేదైతే మన పుణ్యనదుల తీరాలు అలా ఉండేవి కావు. 2015 గోదావరి పుష్కరాల్లో, 2016 కృష్ణా పుష్కరాల్లో మునిగిన కోట్లమందిలో భక్తికి కొదవ లేదు. అయినా విడిచిన బట్టలు, పూజాసామగ్రి, ప్లాస్టిక్ కవర్లు రేవుల్లో పోగుపడ్డాయి. అదే భక్తులు తిరుమలకు వెళ్తే వేరుగా ఉంటారు. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం. అలిపిరి దగ్గరే తనిఖీ ఉంటుంది. పైన గాజు సీసాలు డిపాజిట్ మీద దొరుకుతాయి. అడుగడుగునా తాగునీరు, శ్రీవారి సేవకులు ఉంటారు. భక్తి రెండు చోట్లా ఉంది. తేడా తెచ్చింది ఏర్పాటే. మతం ప్రసక్తి లేకుండానే గడప కట్టిన దేశాలూ ఉన్నాయి. పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీపదేశం పలావ్ 2017 డిసెంబరు నుంచి వచ్చే ప్రతి అతిథి పాస్‌పోర్టులో ఒక ప్రతిజ్ఞను ముద్ర వేసి సంతకం చేయిస్తోంది. అది ఆ దేశపు పిల్లల సాయంతో రాసిన ప్రతిజ్ఞ. సంతకం చేసేవాడు మాట ఇచ్చేది కూడా ఆ పిల్లలకే. బీదర్ కోట ద్వారంలో పులుల శిల్పాలున్న షర్జా దర్వాజా దగ్గర ఒక స్థానిక యువతి రెండు నిమిషాలు నిలబెట్టి, ఇది ఏమిటి, దీన్ని ఎలా చూడాలి అని చెప్పి లోపలికి పంపితే అది గడపే అవుతుంది. అందుకు దేవుడు అక్కర్లేదు, మనిషి చాలు.

రెండో అభ్యంతరం కఠినులది: ఇంత బుజ్జగింపు ఎందుకు, జరిమానా వేయండి చాలు అని. చట్టంలో శిక్ష ఇప్పటికే ఉంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించి, రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని మార్చారు. ఆ మాట కట్టడాల దగ్గరి నీలి బోర్డుల మీద ఉంది, గీతలూ ఉన్నాయి. శిక్ష ఎంత పెద్దదన్నది కాక, పట్టుబడతామన్న నమ్మకమే మనిషిని ఆపుతుంది. కాపలా లేని చోట లక్ష అయినా పది లక్షలైనా ఒకటే. పైగా జరిమానాకు ఒక చెడు గుణం ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫా శిశుసంరక్షణ కేంద్రాల్లో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెడితే ఆలస్యంగా వచ్చేవారు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యారని 2000లో ప్రచురితమైన అధ్యయనం చెబుతోంది. అంతకు ముందు ఆలస్యం చేసినందుకు సిగ్గుపడేవారు. తర్వాత డబ్బు కట్టాం కదా అనుకున్నారు. జరిమానా ఎత్తేశాక కూడా ఆ సిగ్గు తిరిగి రాలేదు. శిక్షే వద్దని కాదు, శిక్ష పాఠం కావాలి. 2019లో హంపిలో రాతి స్తంభాన్ని తోసి పడేసిన నలుగురు యువకుల విషయంలో కోర్టు అదే చేసింది. తలా 70 వేల రూపాయల జరిమానాతో ఊరుకోకుండా, పురావస్తు శాఖ పర్యవేక్షణలో వాళ్ల చేతులతోనే ఆ స్తంభాన్ని తిరిగి నిలబెట్టించింది. పడగొట్టడానికి ఎంతసేపు పట్టిందో, నిలబెట్టడానికి ఎంత బరువు మోయాలో ఆ చేతులకు తెలిసింది.

చెత్త విషయంలో జరిమానా కన్నా డిపాజిట్ ఎంతో మేలని మన దేశంలోనే రుజువైంది. తమిళనాడులోని నీలగిరుల్లో అడవుల్లో మద్యం సీసాలు పగిలి ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటుంటే, మద్రాసు హైకోర్టు జోక్యంతో 2022లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగిచ్చే పద్ధతి పెట్టారు. అదే ఏడాది కేదార్‌నాథ్‌లో ప్లాస్టిక్ సీసాల మీద ఇలాంటి 10 రూపాయల డిపాజిట్ పథకాన్ని నడిపించింది హైదరాబాద్‌కు చెందిన రీసైకల్ సంస్థ. జరిమానాకు మనిషిని పట్టుకునే మరో మనిషి కావాలి. డిపాజిట్‌కు అక్కర్లేదు. వదిలేసిన సీసాకు కూడా విలువ ఉంటుంది కాబట్టి, ఒకడు పారేసినా ఇంకొకరు ఏరి తెస్తారు. కోట ముందున్న చిన్న దుకాణాలకు ఈ పద్ధతి భారం కాకుండా పురపాలక సంఘం సాయపడితే, బీదర్‌లో దీన్ని మొదలుపెట్టడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు. దానితో పాటు శుభ్రమైన మరుగుదొడ్లు, తాగునీటి కుళాయిలు ఉండాలి. అవి లేకుండా బాధ్యత గురించి చెప్పే మాటకు బలం ఉండదు. కుళాయి లేని చోట సీసా కొనకమనడం, మరుగుదొడ్డి లేని చోట గోడ మూల వాడకమనడం ఎవరికీ న్యాయంగా తోచదు.

మూడో అభ్యంతరం ఇంకా ముఖ్యమైనది: ఊరివాళ్లే పాడుచేసుకుంటుంటే వచ్చిపోయేవాళ్లను అనడమెందుకు? దీనికి బీదర్ కరేజ్ చక్కటి సమాధానం. బహమనీల కాలంలో పర్షియన్ పద్ధతిలో, నౌబాద్ దగ్గర భూమి లోపల కిలోమీటర్ల పొడవున సొరంగం తవ్వి, గాలికీ వెలుతురుకూ వరసగా బావులు దించి, భూగర్భ జలాన్ని ఊరికి మళ్లించారు. వాడకం పోయాక ఆ బావులు కొన్నిచోట్ల మట్టితో, చెత్తతో పూడిపోయాయి. అందులో చెత్త వేసినవాళ్లు పర్యాటకులు కారు. కానీ గత దశాబ్దంలో పరిశోధకులు, జిల్లా యంత్రాంగం కలిసి పూడిక తీయించి, ఇది మీ ముత్తాతల నీళ్ల దారి అని చెప్పినప్పుడు ఊరి చూపు మారింది. చెత్తగుంట కాస్తా చూపించుకోదగిన వారసత్వమైంది. ఊరివాళ్లు దేన్ని తమదిగా చూస్తారో, వచ్చినవాడు దాన్నే గౌరవిస్తాడు. ఆతిథేయి పట్టించుకోని ఇంట్లో అతిథి కాళ్లు తుడుచుకుని రాడు. అందుకే పర్యాటకుల బాధ్యత అన్న చర్చ స్థానికుల హక్కు దగ్గర మొదలుకావాలి. పర్యాటకం ద్వారా వచ్చే రూపాయి ఎవరికి చేరుతోంది, కోటలో దారి చూపే ఉద్యోగం ఎవరికి దక్కుతోంది అన్నవి ముందు తేలాలి. బాధ్యతాయుత పర్యాటకం మీద 2002 నాటి కేప్‌టౌన్ ప్రకటన కూడా ఈ వరసనే పెట్టింది: అక్కడ బతికేవాళ్లకు మేలైన చోటే చూడ్డానికి వచ్చేవాళ్లకూ మేలైన చోటు అవుతుందన్నది దాని సారం.

ఈ మాట బిదరీ కార్ఖానాల్లో మరీ స్పష్టంగా అర్థమవుతుంది. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు. మైలుతుత్తం రాసి పైభాగాన్ని తాత్కాలికంగా నల్లబరిచి, సన్నని ఉలితో నగిషీ చెక్కుతారు. ఆ గాడిలో వెండి తీగను సుత్తితో కూరుస్తారు. చివరికి బీదర్ కోటలోని పాత మట్టిని నవసారంతో కలిపి పూస్తే, లోహం శాశ్వతంగా నల్లబడి వెండి తెల్లగా మెరుస్తుంది. ఆ నలుపునిచ్చేది కోట మట్టే. అంటే గోడ అవతల చెత్త పారేసే సందర్శకుడికీ, బజారులో బిదరీ పూలకుండీ కొనే సందర్శకుడికీ మధ్య ఉన్నది ఒకే మట్టి. 2006లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. అయినా వెండి తీగ కూర్చిన పనికీ, మెషీన్ మీద అచ్చు వేసిన నకలుకూ తేడా తెలియక బేరమాడి, పనివాడికి కూలి కూడా గిట్టకుండా చేసేవారు మనలో ఉన్నారు. కార్ఖానాలో పది నిమిషాలు కూర్చుని ఆ ఉలి దెబ్బలు చూసిన మనిషి ఆ తర్వాత అలా బేరమాడలేడు. బాధ్యతంటే చెత్త పారేయకపోవడం ఒక్కటే కాదు. ఎవరి ఊరికి వెళ్లామో వారి శ్రమకు తగిన వెల ఇచ్చి రావడం కూడా.

తెలుగు పాఠకులకు బీదర్ పరాయి ఊరు కాదన్నది ఇక్కడ గుర్తుచేయాలి. 1956 నవంబరు 1 దాకా ఆ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. నేటి జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు అప్పట్లో బీదర్ జిల్లావే. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్‌కు వచ్చాయి. ఈ కట్టడాలను శాస్త్రీయంగా పరిశీలించి, మరమ్మతులు చేయించి, 1947లో బీదర్ చరిత్ర, కట్టడాల మీద ప్రామాణిక గ్రంథం వెలువరించినవాడు నిజాం రాష్ట్ర పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ. హైదరాబాద్ ఖజానా సొమ్ము, హైదరాబాద్ పండితుల కష్టం ఆ గోడల్లో ఉన్నాయి. ఇంత చుట్టరికం ఉన్నా, కట్టడాల దగ్గర సమాచారం కన్నడ, హిందీ, ఇంగ్లిష్ భాషలకే పరిమితమవడం పెద్ద లోటు. కన్నడ ముందుండాలి, అది న్యాయం. దాని కింద తెలుగు, ఉర్దూ, మరాఠీల్లో రెండేసి వాక్యాలు ఉంటే వచ్చేవాళ్లలో అత్యధికుల భాషలోనే ఆ కోట మాట్లాడినట్టవుతుంది. అర్థం కాని నిషేధం కన్నా, సొంత భాషలో ఒక చిన్న వేడుకోలు బలంగా పనిచేస్తుంది. కర్ణాటక, తెలంగాణ పర్యాటక శాఖలు రెండూ కలిసి చేయదగిన పని ఇది. ఖర్చు కూడా పెద్దది కాదు.

చివరి అభ్యంతరం నైతికమైనది. తప్పంతా ఏర్పాట్ల మీదికి నెడితే, గోడ మీద పేరు గీసినవాడికి క్షమాభిక్ష పత్రం రాసిచ్చినట్టు కాదా? కాదు. ఏర్పాటు మనిషిని నిర్దోషిని చేయదు. మంచిగా ఉండడం అతడికి తేలిక చేస్తుంది, అంతే. తేలిక చేసిన తర్వాత కూడా గీసినవాడి తప్పు మరింత పెద్దదవుతుంది. అలాగే ఏర్పాటు పూర్తయ్యేదాకా మనం ఆగాల్సిన పనీ లేదు. గురుద్వారాలో తల కప్పుకున్నప్పుడు మనకు ఎవరూ జరిమానా వేయలేదు. అక్కడ చూపిన గౌరవం మన చేతనైనదేనని ఆ ఉదయమే రుజువైంది. దాన్ని మధ్యాహ్నం దాకా వెంట తీసుకెళ్లడమే మిగిలింది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బీదర్ నేర్పే పాఠాన్ని రేవు రేవునా అమలు చేయడానికి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ అది పరీక్షా సమయం: ప్రతి రేవుకూ ఒక గడప, ప్రతి గడపకూ ఒక మనిషి, ప్రతి మనిషి చేతికీ ఒక పని.

ఈ లోపు బీదర్ వెళ్లే ప్రతి తెలుగు కుటుంబానికీ ఒక విన్నపం. మీ సీసాలు మీ కారులోనే తిరిగి రానివ్వండి. కోటలో స్థానిక గైడ్‌ను వెంట తీసుకెళ్లండి. తాళం వేసిన గదిని సిబ్బందిని అడిగి తెరిపించుకుని చూడండి. అష్టూరులో అద్దం పట్టి చూపే మనిషికి చేతిలో నాలుగు డబ్బులు పెట్టి రండి. బిదరీ కొంటే పనివాడి దగ్గర కూర్చుని కొనండి. మీ పిల్లలకు ఆ గోడలు ఎక్కడం బదులు వాటి కథ చెప్పండి. షర్జా దర్వాజా దగ్గర చెప్పులు విడవమని ఎవరూ అడగరు. కానీ గురుద్వారా మెట్ల దగ్గర మనం విడిచింది చెప్పుల్ని మాత్రమే కాదు, ఈ చోటు నాది కాదు కనుక నాకు పట్టదన్న ధోరణిని కూడా. దాన్ని కోట వాకిట్లో మళ్లీ తొడుక్కోవద్దు.